కడపలో తాజా లాబ్‌స్టర్: కొనడం, వండడం, తినడం – తరచుగా అడిగే ప్రశ్నలు

మాంసం వండడం కడపవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తలకాయ, బోటీ, నాటుకోడి ఏది తెచ్చినా చేయి తిరిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. లాబ్‌స్టర్ తెచ్చినప్పుడు మాత్రం అదే అనుభవం అడ్డం తిరుగుతుంది. నాటుకోడికి మంచి చేసే పద్ధతులన్నీ, అంటే గంటసేపు ఉడికించడం, మసాలా దట్టంగా పట్టించడం, ముందురోజే తెచ్చిపెట్టుకోవడం, దీన్ని పాడుచేస్తాయి. కింద ఉన్న జవాబులన్నీ చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మనకు దొరికేది టీవీలో చూపించే పెద్ద గోళ్ల లాబ్‌స్టరేనా?

కాదు. ముందర రెండు లావు గోళ్లతో కనిపించేది అమెరికన్ లాబ్‌స్టర్. అది అట్లాంటిక్ చల్లని నీళ్లలో పెరుగుతుంది. మన సముద్రాల్లో దొరికేది ముళ్ల లాబ్‌స్టర్. దీనికి గోళ్లుండవు. పొడవాటి గట్టి మీసాలు, వీపు మీద ముళ్లు, బలమైన తోక ఉంటాయి. తినే కండంతా దాదాపు తోకలోనే. మన తీరంలో పడే రకాల్లో ఒకటి బురద నేలల్లో ఉండేది, దాని తోక మీద అడ్డంగా తెల్లని చారలుంటాయి. ఇంకోటి రాళ్ల మధ్య ఉండేది. రంగురంగుల కాళ్లతో బాగా పెద్దగా పెరిగే రకం కూడా ఉంది. ఇవి కాక పలకలా చదునుగా ఉండే స్లిప్పర్ లాబ్‌స్టర్ ఒకటి. దానికి మీసాల బదులు ముందర రెండు రేకులుంటాయి. చూడ్డానికి అంత బాగోదు గానీ రుచిలో దేనికీ తీసిపోదు.

హోటల్లో లాబ్‌స్టర్ అని చెప్పి పెద్ద రొయ్య పెట్టారేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?

అనుమానం న్యాయమైనదే. నీలకంఠ రొయ్య బాగా పెరిగితే చేతి పొడవుంటుంది, తల పెద్దది, నీలం రంగు కాళ్లు చాలా పొడుగు. మసాలాలో ముంచి తెస్తే కొత్తవాళ్లు లాబ్‌స్టరే అనుకుంటారు. పెంకు పట్టుకుని చూడండి. రొయ్య పెంకు పల్చగా ఉంటుంది, వేళ్లతో వలిచేయొచ్చు. లాబ్‌స్టర్ పెంకుకు కత్తెరో కత్తో కావాలి. రొయ్య తల ముందు రంపంలాంటి ముక్కు పొడుచుకొస్తుంది, ముళ్ల లాబ్‌స్టర్‌కు అది ఉండదు, కళ్ల పైన రెండు కొమ్ముల్లాంటి ముళ్లుంటాయి. పెంకు తీసేసి ముక్కలుగా వడ్డిస్తే మాత్రం పోల్చడం కష్టం. అంత డబ్బు పెట్టేటప్పుడు పెంకుతో సహా తెమ్మని అడగడంలో తప్పులేదు.

కడపకు ఎక్కడి నుంచి తెప్పించుకోవడం మేలు?

రోడ్డు మీద గడిచే గంటలు ఎక్కడ తక్కువైతే అక్కడి నుంచి. కడపవాళ్లకు చెన్నై అనుకూలం. అక్కడి కాశిమేడు రేవులో తెల్లవారుజామునే వేలం జరుగుతుంది, పొద్దున్నే బండి బయలుదేరితే మధ్యాహ్నానికి సరుకు ఇంట్లో ఉంటుంది. బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు వాళ్లు నెల్లూరు వైపు కూడా వాకబు చేయొచ్చు. కృష్ణపట్నం నుంచి వచ్చే 67వ నంబరు జాతీయ రహదారి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు మీదుగా ఈ ఊళ్లను కలుపుతుంది. కాకపోతే నెల్లూరులో రొయ్య దొరికినంత సులువుగా లాబ్‌స్టర్ దొరకదు, ముందుగా చెప్పిపెట్టుకోవాలి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర. కానీ ఆ రెండు నగరాలకూ సముద్రం లేదు. అక్కడికి వచ్చిన సరుకు అప్పటికే ఒక ప్రయాణం చేసి ఉంటుంది. కాబట్టి అక్కడ "ఎప్పుడు వచ్చింది?" అని అడగకండి, "నీళ్లలోంచి ఎప్పుడు తీశారు?" అని అడగండి.

ఏ నెలల్లో కొనకూడదు?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం, మొత్తం 61 రోజులు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అంటే మే నెలలో "ఇప్పుడే చెన్నై నుంచి దిగింది" అని ఎవరైనా అంటే నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగాలి. అది పడమటి నుంచి వచ్చిందైనా కావచ్చు, కోల్డ్ స్టోరేజీలోదైనా కావచ్చు. అదీగాక మే నెల కడప ఎండలో బతికున్న లాబ్‌స్టర్ తెప్పించుకోవాలనే ఆలోచనే మంచిది కాదు. సరైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అప్పుడు వేట ఉంటుంది, దారిలో చల్లగానూ ఉంటుంది.

బతికున్నదాన్ని దారిలో చావకుండా ఎలా తేవాలి?

అందరూ చేసే పొరపాటు బకెట్లో నీళ్లు పోసి అందులో వేయడం. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు దానికి విషంతో సమానం. ఉప్పునీటి జీవి మంచినీళ్లలో ఎక్కువసేపు బతకదు. పోనీ సముద్రపు నీళ్లే పోసినా, గాలి అందకపోతే కొంతసేపటికి అందులోని ఆక్సిజన్ అయిపోతుంది. మొప్పలు తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకుండానే కొన్ని గంటలు బతుకుతుంది. థర్మాకోల్ డబ్బాలో అడుగున ఐస్ ప్యాక్, దాని మీద మందంగా పాత పేపర్లు, పైన సముద్రపు నీళ్లలో తడిపి పిండిన గోనెపట్ట, ఆ మీద లాబ్‌స్టర్లు, మళ్లీ తడి గోనెపట్ట. మూత పెట్టాక గాలి ఆడేందుకు రెండు చిన్న రంధ్రాలు. ఐసు నేరుగా తగలకూడదు, కరిగిన నీళ్లు దాని మీదికి రాకూడదు. మన లాబ్‌స్టర్ వెచ్చటి సముద్రాలది, మరీ చల్లబడినా తట్టుకోలేదు.

ఇంటికి తెచ్చాక "రేపు ఆదివారం వండుదాం" అని ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. వద్దు. ఆదివారం వండాలంటే ఆదివారమే తెప్పించండి.

డబ్బా తెరిచేసరికి ఒకటి చచ్చిపోయి ఉంది. పారేయాల్సిందేనా?

ఎప్పుడు చచ్చిందో తెలియకపోతే పారేయండి. బాధగా ఉంటుంది, తెలుసు. కానీ ఇది కోడి లాంటిది కాదు. లాబ్‌స్టర్ చచ్చిన వెంటనే దాని తలలోని జీర్ణగ్రంథి నుంచి ఎంజైములు బయటికొచ్చి కండను కరిగించడం మొదలుపెడతాయి. సూక్ష్మక్రిములు కూడా వేగంగా పెరుగుతాయి. వండితే కండ పిండిముద్దలా చేతికొస్తుంది, కడుపు చెడుతుంది. మన కళ్ల ముందే చచ్చిందనుకోండి, వెంటనే తల వేరుచేసి, తోక కడిగి, ఐసులో పెట్టి ఆ పూటే వండేస్తే ఇబ్బంది లేదు.

బతికుందో లేదో చూడ్డానికి మీసాలు పట్టి లాగకండి, ఊడిపోతాయి. వీపు మీద పట్టుకుని పైకెత్తితే తోక టపటపా లోపలికి ముడుచుకోవాలి. కాళ్లు మాత్రమే కొద్దిగా కదులుతూ తోక వేలాడుతుంటే దానికి టైం దగ్గరపడినట్టే, ముందు దాన్నే వండండి. చేతికి గ్లౌజులు లేకపోతే మందపాటి బట్ట చుట్టుకోండి. ఆ ముళ్లు బాగా గుచ్చుకుంటాయి.

ఫ్రోజెన్ తోకలు కొంటే తప్పా?

తప్పేం కాదు. సగం చచ్చిన "తాజా" లాబ్‌స్టర్ కంటే, పట్టిన రోజే గడ్డకట్టించిన తోక వందరెట్లు నయం. సముద్రం లేని ఊళ్లో ఉంటూ దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. తూకం దగ్గర మాత్రం జాగ్రత్త: తోక చుట్టూ ఉండే ఐసు పొరతో కలిపి తూస్తున్నారా, ఐసు పోగా తూకమా అన్నది ప్యాకెట్ మీద చూడండి. పెంకు కీళ్ల దగ్గర నల్లటి మచ్చలుంటే పాతబడినట్టు లెక్క. అమ్మోనియా వాసన వస్తే ఇంక ఆలోచించేది లేదు. కరిగించడానికి రాత్రే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. వేడినీళ్లలో వేస్తే బయట ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది.

నలుగురికి ఎంత కొనాలి?

ముళ్ల లాబ్‌స్టర్ బరువులో తినే కండ సుమారు మూడో వంతే. అరకిలోది తెస్తే 150, 170 గ్రాముల కండ వస్తుంది. మనిషికి ఒకటి అనుకుంటే తృప్తిగా తింటారు. కూరలా చేసి సంగటితో పెడితే నలుగురికి రెండు చాలు. ధర విన్నప్పుడు మనసులో మూడుతో గుణించుకోండి, అదే కండ కిలో అసలు ధర. ఒక్కోసారి తోకలే కొనడం చౌకగా తేలుతుంది. అయితే తలతో వచ్చే పులుసు రుచి పోతుంది, దాని సంగతి కింద చెప్పాను.

పొట్ట కింద గుడ్లున్నది వచ్చింది. మంచిదేగా?

రుచికి అదనంగా ఒరిగేదేం లేదు. తోక కింద గుత్తులుగా అంటుకున్న గుడ్లు తినడానికి బాగుండవు కూడా. అలాంటిది కొనకపోవడమే మంచిది. లాబ్‌స్టర్ నిదానంగా పెరిగే జీవి. ముంబై తీరంలో స్లిప్పర్ లాబ్‌స్టర్ ఒకప్పుడు బాగా పడేది, గుడ్లవీ పిల్లలవీ తేడా లేకుండా పట్టడంతో 1990ల్లో అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. చిన్న సైజువీ కొనొద్దు. ఎగుమతికి కేంద్రం 2003లోనే కనీస బరువులు పెట్టింది: బురద రకానికి 300 గ్రాములు, రాళ్ల రకానికి 200, పెద్ద రంగుల రకానికి 500, స్లిప్పర్‌కు 150. ఎగుమతికి పనికిరాని పిల్లలు లోపలి ఊళ్లకు వచ్చిపడే అవకాశం ఎక్కువ. ఈ అంకెలు గుర్తుపెట్టుకుని కొనండి.

మరుగుతున్న నీళ్లలో ప్రాణంతో వేయాలంటే చేతులు రావడం లేదు. వేరే దారి ఉందా?

ఉంది, అదే సరైన దారి కూడా. స్విట్జర్లాండ్‌లో 2018 నుంచి బతికున్న లాబ్‌స్టర్‌ను అలా నేరుగా మరగబెట్టడం చట్టవిరుద్ధం. బ్రిటన్ 2022లో చేసిన చట్టం ఎండ్రకాయలు, లాబ్‌స్టర్లకు కూడా నొప్పి తెలుస్తుందని ఒప్పుకుంది.

ఒక గిన్నెలో ఐసు, ఉప్పునీళ్లు కలిపి అందులో 20 నిమిషాలుంచండి. కదలిక పూర్తిగా ఆగిపోతుంది. తోక పట్టి లాగినా స్పందన లేదని చూసుకున్నాక, చెక్క మీద వీపు పైకి పెట్టి, మటన్ కొట్టే బరువైన కత్తితో తల మధ్య నుంచి పొడవునా ఒక్క దెబ్బకు చీల్చాలి. దీని నరాలు ఒకేచోట కాకుండా శరీరం పొడవునా ముడులుగా ఉంటాయి, అందుకే కళ్ల మధ్య ఒక పోటు పొడిస్తే సరిపోదు. చీల్చాక కూడా కాళ్లు కాసేపు ఆడతాయి, కంగారు పడకండి. ఇంట్లో ఎవరికీ ధైర్యం లేకపోతే, బయలుదేరే ముందే అమ్మేవాళ్లతో కొట్టించి ఐసులో తెచ్చుకోండి.

లోపల ఏమేం తీసేయాలి?

కళ్ల వెనకాల ఇసుకతో నిండిన చిన్న సంచి, అది కడుపు. తల పక్కల ఈకల్లా ఉండే మొప్పలు. తోక మధ్య పొడవునా పోయే నల్లటి పేగు. ఈ మూడే. తోకను చీల్చకుండా వండాలంటే ఒక చిట్కా ఉంది: మీసం ఒకటి విరిచి, దాని మొదలు వైపు తోక చివర రంధ్రంలోకి దూర్చి, మెలితిప్పి లాగితే పేగు మీసం ముళ్లకు చిక్కుకుని వచ్చేస్తుంది.

కండను చేపలా ఉప్పు, పసుపు, నిమ్మకాయ వేసి నాలుగు నీళ్లు కడగొద్దు. ఒక్కసారి తొలిపితే చాలు. దాని తీపంతా ఆ రసంలోనే ఉంది.

ఎంతసేపు ఉడికించాలి?

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. అరకిలో లాబ్‌స్టర్‌ను మొత్తంగా ఉడికిస్తే, నీళ్లు మళ్లీ మరిగినప్పటి నుంచి 8 నుంచి 10 నిమిషాలు. కిలోది అయితే 15 నిమిషాల లోపే. లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు వేయండి, సముద్రపు నీళ్ల ఉప్పదనం దాదాపు అంతే ఉంటుంది. బిర్యానీ డేక్సా లాంటి వెడల్పు గిన్నె కావాలి, లేకపోతే వేయగానే నీళ్లు చల్లారిపోయి లెక్క తప్పుతుంది. రెండుగా చీల్చి పెనం మీదో బొగ్గుల మీదో కాలిస్తే 7, 8 నిమిషాలు. వలిచిన ముక్కలైతే 3, 4 నిమిషాలు, అంతకు మించి ఒక్క నిమిషం కూడా వద్దు.

గాజులా పారదర్శకంగా ఉన్న కండ తెల్లగా మారి, నొక్కితే కొద్దిగా వెనక్కి తన్నాలి. వంటగదిలో థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీలు. "ఇంకా ఉడకలేదేమో" అని మూతపెట్టి పది నిమిషాలు వదిలేస్తే, ఆ ఖరీదుతో రబ్బరు నమలాల్సిందే. మాంసం ఉడికేకొద్దీ మెత్తబడుతుంది, ఇది ఉడికేకొద్దీ గట్టిపడుతుంది.

ప్రెషర్ కుక్కర్‌లో?

వద్దు.

మరి మన కారం, మన మసాలా పడకూడదా?

పడొచ్చు. కారం విడిగా ఉడకాలి, కండ చివర్లో చేరాలి. నాకు నచ్చిన పద్ధతి ఇది. రెండు అరకిలో లాబ్‌స్టర్ల కండను బొటనవేలంత ముక్కలు కోసి, చిటికెడు పసుపు, ఉప్పు రాసి పక్కన పెట్టండి. ఎనిమిది బ్యాడిగి మిరపకాయలు, చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, రెండు చెంచాల ఎండు కొబ్బరి తురుము దోరగా వేయించి, ఆరు వెల్లుల్లి రెబ్బలతో కచ్చాపచ్చాగా దంచాలి. బ్యాడిగిలో రంగెక్కువ, కారం తక్కువ, లాబ్‌స్టర్‌కు అదే కావాలి. గుంటూరు మిరప వేస్తే కారం తప్ప ఇంకేం తెలియదు.

వేరుశనగ నూనె కాచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, రెండు రెమ్మల కరివేపాకు, దంచిన ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి. ఇప్పుడు మంట పెంచి ముక్కలు వేసి 3 నిమిషాలు తిప్పి దించేయండి. దించాక నిమ్మరసం. గరం మసాలా, లవంగం, చెక్క అక్కర్లేదు. అల్లం వెల్లుల్లి పేస్ట్ కూడా మానేయమంటాను, ముఖ్యంగా ప్యాకెట్‌లో దొరికేది.

సంగటిలోకి పులుసు కావాలి. అయ్యే పనేనా?

రాగి సంగటికి ఇది జతకుదిరే పులుసు, కానీ రుచి రావాల్సింది కండలోంచి కాదు, పెంకులోంచి. తల పెంకు, కాళ్లు రోట్లో వేసి నలగ్గొట్టండి. రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయతో కలిపి ఎర్రబడి మంచి వాసన వచ్చేదాకా ఐదారు నిమిషాలు వేయించి, లీటరు నీళ్లు పోసి అరగంట సన్నని మంట మీద మరిగించి, పల్చటి బట్టలో వడకట్టాలి. పెంకు ముక్కలు పళ్ల కింద పడకూడదు, అందుకే జల్లెడ చాలదు.

ఈ రసంతోనే పులుసు పెట్టండి. రెండు టమాటాలు, నిమ్మకాయంతలో సగం చింతపండు, రెండు పచ్చిమిర్చి, చెంచా ధనియాల పొడి, చిక్కదనానికి వేయించిన వేరుశనగ పప్పుల పొడి రెండు చెంచాలు. చేపల పులుసుకు వేసినంత చింతపండు వేస్తే లాబ్‌స్టర్ తీపి చచ్చిపోతుంది. పులుసు చిక్కబడి నూనె తేలాక కండ ముక్కలు వేసి, 4 నిమిషాలకు పొయ్యి ఆపేయండి. చేపల పులుసులా మర్నాటికి ఇంకా బాగుంటుందని దాచకండి, దీనికి ఆ గుణం లేదు.

బిర్యానీ చేయొచ్చా?

చేయొచ్చు గానీ దమ్‌లో కండ గట్టిపడుతుంది. బియ్యాన్ని పైన చెప్పిన పెంకు రసంతో వండి, వేయించిన ముక్కలు వడ్డించేటప్పుడు కలిపితే మేలు. పెళ్లి భోజనానికి మాత్రం లాబ్‌స్టర్ జోలికి పోవద్దు. ఐదువందల మందికి సరిగ్గా నాలుగు నిమిషాలు వండటం ఏ వంటమనిషి వల్లా కాదు.

తలలో ఆకుపచ్చటి ముద్ద, ఎర్రటి గట్టి పదార్థం కనిపించాయి. తినొచ్చా?

ఆకుపచ్చది జీర్ణగ్రంథి. కొందరికి చాలా ఇష్టం. కానీ సముద్రంలోని కాలుష్యం, విషపదార్థాలు ఏమైనా ఉంటే చేరేది అక్కడే. పిల్లలకు, గర్భిణులకు పెట్టొద్దు. ఎర్రటిది లోపలి గుడ్లు, తినొచ్చు. అక్కడక్కడా తెల్లటి పెరుగులా పేరుకుని కనిపించేది దాని రక్తం, చెడిపోయిందని భయపడకండి. మన రక్తంలో ఇనుము పని దీనిలో రాగి చేస్తుంది, అందుకే పచ్చిగా ఉన్నప్పుడు లేత నీలంగా కనిపిస్తుంది.

చేప తిన్నాక పాలు తాగితే బొల్లి వస్తుందంటారు. దీనికీ అంతేనా, పెరుగన్నం కూడా తినకూడదా?

బొల్లి అలా రాదు. చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే సమస్య అది, తిండి కలయికతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. బయటి దేశాల్లో లాబ్‌స్టర్‌ను వెన్న, మీగడతోనే వండుతారు. అయినా ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటే వాదన పెట్టుకోకండి, మజ్జిగ రెండు గంటలాగి తాగితే పోయేదేముంది.

ఎవరు తినకూడదు?

రొయ్యలు, ఎండ్రకాయలు తింటే దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. ఆ అలర్జీకి కారణమైన ప్రొటీన్ వీటన్నిటిలో ఒకేలా ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు. కొంచెం రుచి చూద్దామనే సరదా కూడా వద్దు. మన ఊళ్లలో చాలామంది ఇవి ఎప్పుడూ తిని ఉండరు కాబట్టి, పిల్లలకు మొదటిసారి చిన్న ముక్క పెట్టి ఆగి చూడటం మంచిది. గౌట్, యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి. కొవ్వు మాత్రం చాలా తక్కువ, 100 గ్రాములకు 2 గ్రాముల లోపే. ప్రొటీన్ 20 గ్రాముల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. గుండెకు భయపడాల్సింది మీరు పోసే నెయ్యికి.

ముస్లిం స్నేహితులను భోజనానికి పిలిచాం. పెట్టొచ్చా?

ముందే అడగండి. షాఫీ సంప్రదాయంలో సముద్రంలో దొరికేవి తింటారు. హనఫీ సంప్రదాయంలో చాలామంది పండితులు చేపలను మాత్రమే ఒప్పుకుంటారు, ఎండ్రకాయ, లాబ్‌స్టర్ వద్దంటారు. రొయ్యల దగ్గర వాళ్లలోనే రెండు మాటలున్నాయి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అడగకుండా వండిపెట్టి వాళ్లను మొహమాటంలో పడేయడమే ఇబ్బంది.

పెంకుతో వడ్డిస్తే ఎలా తినాలి?

చేత్తోనే. తోక కింది వైపు పల్చటి పొర ఉంటుంది, దాన్ని రెండు పక్కలా కత్తెరతో కత్తిరించి పైకి తీస్తే కండ మొత్తం ఒకేసారి వస్తుంది. కాళ్లను పారేయకండి, అప్పడాల కర్రతో ఒకవైపు నుంచి దొర్లిస్తే లోపలి సన్నని కండ బయటికి జారుతుంది. అమెరికన్ లాబ్‌స్టర్ దొరికిన రోజు దాని గోళ్లు పగలగొట్టడానికి అవ్వ అడకత్తెర బాగా పనికొస్తుంది.

మిగిలితే?

వండాక బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు, ఎండాకాలంలో గంటే. ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. మళ్లీ వేడిచేస్తే గట్టిపడుతుంది కాబట్టి చల్లగానే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి తినేయండి. ఉదయం ఉగ్గానిలో కలిపినా బాగుంటుంది.

పెంకుల వాసన ఇల్లంతా పట్టింది. ఏం చేయాలి?

ఆ రాత్రే బయటికి పంపండి. చెత్తబండి ఉదయం దాకా రాదంటే పెంకుల్ని కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పడేయండి, పొద్దున బండి రాగానే ఇవ్వొచ్చు. పెరడుంటే ఎండబెట్టి, దంచి, మొక్కల మొదట్లో జానెడు లోతున పూడ్చండి. పైపైన వేస్తే కుక్కలు తవ్విపోస్తాయి. చేతుల వాసనకు నిమ్మచెక్క రుద్దుకుని ఆ తర్వాత సబ్బు వాడండి.